కొత్తగా బిగించిన హార్డ్ డిస్క్ కంప్యూటర్‌లో కనిపించకపోతే ఏం చేయాలి?

కొత్త హార్డ్ డిస్క్‌ను క్యాబినెట్‌లో బిగించి, కేబుళ్లు తగిలించి, కంప్యూటర్ ఆన్ చేసి ‘దిస్ పీసీ’ తెరిస్తే పాత సీ డ్రైవ్ తప్ప మరేదీ కనిపించని పరిస్థితి చాలామందికి ఎదురవుతుంది. డిస్క్ పాడైపోయి వచ్చిందేమోనన్న అనుమానం వెంటనే కలుగుతుంది. ఆ అనుమానం ఒక్కోసారి నిజం కావచ్చు గానీ, డిస్క్‌ను విప్పి వెనక్కి పంపే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: అది ఎవరికి కనిపించడం లేదు? మదర్‌బోర్డుకా, విండోస్‌కా, లేక ఫైళ్లు తెరిచి చూసుకునే మనకు మాత్రమేనా? ఈ మూడింటికీ కారణాలు వేరు, పరిష్కారాలూ వేరు. ఈ ప్రశ్నకు సమాధానం తెలియకుండా కేబుళ్లు మార్చినా, డ్రైవర్లు ఎక్కించినా శ్రమ వృథా అవుతుంది.

డిస్క్ మన కళ్లకు కనిపించాలంటే ముందుగా దానికి విద్యుత్ అందాలి. తరువాత డేటా కేబుల్ ద్వారా గానీ స్లాట్ ద్వారా గానీ మదర్‌బోర్డు దాన్ని గుర్తించాలి. ఆ మదర్‌బోర్డులోని బయోస్, అంటే ఇప్పటి కంప్యూటర్లలో యూఈఎఫ్‌ఐ అని పిలిచే ప్రాథమిక సాఫ్ట్‌వేర్, దాని పేరును తన జాబితాలో చూపాలి. డిస్క్‌ను నడిపే సర్క్యూట్ అయిన కంట్రోలర్‌కు సరైన డ్రైవర్ (దాన్ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) ఉంటే విండోస్ ఆ డిస్క్‌ను అందుకుంటుంది. చివరగా ఆ డిస్క్‌పై పార్టిషన్ (వేరుచేసిన భాగం), ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి), డ్రైవ్ లెటర్ (సీ, డీ వంటి అక్షరం) ఏర్పడితేనే అది ‘దిస్ పీసీ’లోకి వస్తుంది. ఈ దారిలో డిస్క్ ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టడమే మన పని.

ఏ మీటా నొక్కకముందే ఒక హెచ్చరిక చెప్పవలసి ఉంది. మీరు బిగించినది పెట్టె తెరిచిన సరికొత్త డిస్క్ అయితే కింద చెప్పే ఇనిషియలైజ్ (డిస్క్‌పై కొత్త అమరిక రాయడం), ఫార్మాట్ (ఫైళ్లు పెట్టుకునేలా సిద్ధం చేయడం) వంటి చర్యల వల్ల నష్టమేమీ లేదు. కానీ అది పాత కంప్యూటర్ నుంచో, ఎక్స్‌టర్నల్ డబ్బా నుంచో తీసి బిగించిన డిస్క్ అయి, అందులో మీకు కావలసిన ఫైళ్లు ఉంటే, విండోస్ ‘ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి’ అని అడిగినా, ‘ఇనిషియలైజ్ చేయాలి’ అని అడిగినా ఒప్పుకోకండి. ఆ ప్రశ్నకు అర్థం డిస్క్ ఖాళీగా ఉందని కాదు, దానిపై ఉన్న అమరిక విండోస్‌కు అర్థం కాలేదని మాత్రమే. తొందరలో ‘ఓకే’ నొక్కి కుటుంబ ఫొటోలు పోగొట్టుకున్నవారిని నేను చూశాను. వారి డిస్క్‌లో అసలు లోపమే లేదు.

మొదటి అడుగు: డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి

క్యాబినెట్ విప్పే ముందు చేయవలసిన పని ఇది. స్టార్ట్ బటన్‌పై మౌస్ కుడి మీట నొక్కితే వచ్చే జాబితాలో ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ ఉంటుంది. దాన్ని తెరిస్తే కింది భాగంలో డిస్క్ 0, డిస్క్ 1 అంటూ కంప్యూటర్‌లోని డిస్కులన్నీ అడ్డపట్టీలుగా కనిపిస్తాయి. డిస్కులు ఎక్కువగా ఉంటే కొత్తది అడుగున దాగి ఉంటుంది కనుక చివరిదాకా జరిపి చూడండి. అక్కడ కొత్త డిస్క్ పరిమాణంతో సరిపోయే పట్టీ ఉంటే విద్యుత్, కేబుల్, బయోస్, డ్రైవర్ అన్నీ సవ్యంగా ఉన్నట్టే. మిగిలింది డిస్క్‌ను వాడకానికి సిద్ధం చేయడం ఒక్కటే.

ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఇంటర్నల్ డిస్కులు సాధారణంగా ఏ అమరికా లేకుండా వస్తాయి. కాబట్టి ఆ పట్టీ పక్కన ‘నాట్ ఇనిషియలైజ్డ్’ అని, పట్టీపై నల్లటి గీతతో ‘అన్‌అలొకేటెడ్’ అని ఉండటం సహజం. కొత్త డిస్క్ ‘దిస్ పీసీ’లో కనిపించకపోవడానికి ఇదే అతి సాధారణ కారణం, ఇది లోపమే కాదు. డిస్క్ పేరు ఉన్న ఎడమ భాగంపై కుడి మీట నొక్కి ‘ఇనిషియలైజ్ డిస్క్’ ఎంచుకోండి. అప్పుడు ఎంబీఆర్, జీపీటీ అనే రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకోమంటుంది. డిస్క్‌లోని సెక్టార్లను, అంటే డేటా దాచే చిన్న గడులను, ఎంబీఆర్ 32 బిట్ల సంఖ్యలతో లెక్కపెడుతుంది. ఒక్కో సెక్టార్ 512 బైట్లు అనుకుంటే ఆ లెక్క 2 టీబీ దగ్గర ఆగిపోతుంది. అందువల్ల 4 టీబీ డిస్క్‌ను ఎంబీఆర్ పద్ధతిలో సిద్ధం చేస్తే సగం స్థలం ఎందుకూ పనికిరాకుండా మిగిలిపోతుంది. జీపీటీకి ఆ పరిమితి లేదు. చాలా పాత కంప్యూటర్‌లో వాడవలసి వస్తే తప్ప జీపీటీనే ఎంచుకోవడం మంచిది.

తరువాత నల్ల గీత ఉన్న ఖాళీ భాగంపై కుడి మీట నొక్కి ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ ఎంచుకొని, పరిమాణం, డ్రైవ్ లెటర్, ఫైల్ సిస్టమ్ అడిగినప్పుడు సమాధానమిస్తూ ముందుకు సాగండి. విండోస్‌లో మాత్రమే వాడే ఇంటర్నల్ డిస్క్‌కు ఎన్‌టీఎఫ్ఎస్ తగినది. మ్యాక్ కంప్యూటర్‌తోనూ పంచుకోవలసిన ఎక్స్‌టర్నల్ డిస్క్ అయితే ఎక్స్‌ఫ్యాట్ వీలుగా ఉంటుంది. ఫార్మాట్ ముగియగానే డ్రైవ్ ‘దిస్ పీసీ’లో ప్రత్యక్షమవుతుంది. అప్పుడు 1 టీబీ అని కొన్న డిస్క్ 931 జీబీగానూ, 4 టీబీ డిస్క్ 3.63 టీబీగానూ కనిపిస్తే ఆందోళన పడకండి. తయారీదారులు టెరాబైట్‌ను లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తారు, విండోస్ మాత్రం ప్రతి మెట్టునూ 1,024తో భాగిస్తూ లెక్కిస్తుంది. స్థలం ఎక్కడికీ పోలేదు.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇంకొన్ని స్థితులు ఎదురుకావచ్చు. నీలిరంగు పట్టీతో పార్టిషన్ ఉండి అక్షరం మాత్రం లేకపోతే, ఆ పార్టిషన్‌పై కుడి మీట నొక్కి ‘చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్’ ద్వారా ఒక అక్షరం కేటాయిస్తే సరిపోతుంది, ఫార్మాట్ అవసరం లేదు. ‘ఆఫ్‌లైన్’ అని ఉంటే డిస్క్ పేరుపై కుడి మీట నొక్కి ‘ఆన్‌లైన్’ ఎంచుకోండి. పాత డిస్క్‌ను కొత్త డిస్క్‌పైకి క్లోన్ చేసి (ఉన్నదున్నట్టు నకలు తీసి) రెండింటినీ ఒకే కంప్యూటర్‌లో ఉంచినప్పుడు రెండింటి గుర్తింపు సంఖ్యా ఒకటే కావడంతో విండోస్ ఒకదాన్ని ఇలా పక్కన పెడుతుంది. ‘ఫారిన్’ అని ఉంటే అది వేరే కంప్యూటర్‌లో డైనమిక్ డిస్క్ అనే విండోస్ ప్రత్యేక అమరికతో వాడినదని అర్థం. దానికి ‘ఇంపోర్ట్ ఫారిన్ డిస్క్స్’ అనే ఎంపిక ఉంటుంది. ఇనిషియలైజ్ చేయబోతే ‘ఐఓ డివైస్ ఎర్రర్’ అనో ‘సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అనో సందేశం వస్తే సంగతి వేరు. అమరిక రాయడానికి డిస్క్ సహకరించడం లేదు. ముందుగా కేబుల్‌నూ పోర్టునూ మార్చి చూడాలి, అయినా మారకపోతే డిస్క్‌నే అనుమానించాలి.

ఎక్స్‌టర్నల్ డబ్బా నుంచి తీసిన డిస్కుల విషయంలో ఇంకొంత జాగ్రత్త కావాలి. కొన్ని డబ్బాలలోని యూఎస్‌బీ సర్క్యూట్ సెక్టార్ల పరిమాణాన్ని 512 బైట్లకు బదులు 4,096 బైట్లుగా మార్చి చూపుతుంది. మరికొన్నింటిలో ఆ సర్క్యూటే డేటాను గుప్తీకరిస్తుంది. అటువంటి డిస్క్‌ను తీసి నేరుగా మదర్‌బోర్డుకు తగిలిస్తే ‘రా’ (ఫైల్ సిస్టమ్ అర్థం కాలేదని) అనో ‘అన్‌అలొకేటెడ్’ అనో కనిపిస్తుంది. డేటా భద్రంగానే ఉంటుంది గానీ చదవడానికి అదే డబ్బా కావాలి. డిస్క్‌ను తిరిగి అందులో పెట్టి, ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసుకున్న తరువాతే ఇక్కడ ఫార్మాట్ చేయండి.

రెండవ అడుగు: బయోస్ ఏమంటోందో తెలుసుకోండి

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కూడా డిస్క్ జాడ లేకపోతే బయోస్‌లోకి వెళ్లాలి. కంప్యూటర్ మొదలవుతున్నప్పుడు డిలీట్ లేదా ఎఫ్2 మీటను వరుసగా నొక్కుతూ ఉంటే చాలా మదర్‌బోర్డుల్లో బయోస్ తెరుచుకుంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్10 లేదా ఎస్కేప్ పనిచేస్తుంది. మీట నొక్కే వ్యవధి దొరకనంత వేగంగా విండోస్ వచ్చేస్తుంటే, షిఫ్ట్ మీట నొక్కి ఉంచి ‘రీస్టార్ట్’ ఎంచుకొని, తరువాత వచ్చే తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ వరుసలో వెళ్లవచ్చు.

లోపల స్టోరేజ్, సాటా కాన్ఫిగరేషన్, ఎన్‌వీఎంఈ కాన్ఫిగరేషన్ వంటి పేర్లతో ఉన్న పేజీ చూడండి (సాటా, ఎన్‌వీఎంఈ అన్నవి డిస్క్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య డేటా పంపే రెండు పద్ధతులు). బూట్ క్రమం ఉన్న పేజీ చూసి నిర్ణయానికి రాకండి. అందులో సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్కులే చేరతాయి, ఖాళీ డిస్క్ అక్కడ లేకపోవడంలో వింత లేదు. స్టోరేజ్ పేజీలో డిస్క్ మోడల్ సంఖ్య ఉంటే సమస్య విండోస్ వైపు ఉంది, మీరు నేరుగా నాలుగవ అడుగుకు వెళ్లవచ్చు. లేకపోతే ముందు ఆ పేజీలోనే సాటా పోర్టులు ఒక్కొక్కటీ ‘ఎనేబుల్డ్’గా ఉన్నాయో లేదో చూడండి. కొన్ని బోర్డుల్లో వాడని పోర్టులను ఆపివేసే సదుపాయం ఉంటుంది. ‘ఫాస్ట్ బూట్’ ఉంటే తాత్కాలికంగా ఆపండి. తిరిగే పళ్లేలున్న డిస్క్ పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అంతలోపే బయోస్ తన పరిశీలన ముగిస్తే డిస్క్ జాబితాలోకి ఎక్కదు. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపకుండా కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలతో మళ్లీ మొదలుపెట్టినప్పుడు మాత్రమే డిస్క్ కనిపిస్తే కారణం ఇదే అయ్యే అవకాశం ఎక్కువ.

మూడవ అడుగు: కంప్యూటర్ ఆపి క్యాబినెట్ విప్పండి

బయోస్‌కే డిస్క్ తెలియనప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ మార్పూ పనిచేయదు, చేతితో చూడవలసిందే. కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, గోడ ప్లగ్ తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే లోపల మిగిలిన విద్యుత్ ఖర్చవుతుంది. శరీరంలోని స్టాటిక్ విద్యుత్ సర్క్యూట్లకు తగలకుండా క్యాబినెట్‌లోని రంగు లేని లోహ భాగాన్ని ముందు తాకండి.

సాటా డిస్క్‌కు రెండు కనెక్షన్లు ఉంటాయి. చిన్నది 7 పిన్నులున్న డేటా కనెక్టర్, వెడల్పుగా ఉన్నది 15 పిన్నులున్న పవర్ కనెక్టర్. రెండూ ఇంగ్లిష్ ఎల్ అక్షరం ఆకారంలో ఉంటాయి కనుక తిరగేసి పెట్టడం కుదరదు, కానీ సగం దూరి ఆగిపోవడం మాత్రం తరచుగా జరుగుతుంది. రెండింటినీ తీసి, నిటారుగా గట్టిగా నొక్కి పెట్టండి. డేటా కేబుల్ రెండవ కొన మదర్‌బోర్డు దగ్గర వదులైందేమో కూడా చూడండి, ఎందుకంటే డిస్క్ బిగించే తొందరలో చేయి తగిలి అది కదిలే అవకాశం ఉంది. కంప్యూటర్‌లోపల వాడే సాటా కేబుల్ పొడవు గరిష్ఠంగా 1 మీటరు. బాగా మడత పడిన, నలిగిన కేబుల్‌ను నమ్మవద్దు. పనిచేస్తున్న పాత డిస్క్ కేబుల్‌ను కొత్తదానికి తగిలించి చూడటం అన్నిటికన్నా వేగంగా ఫలితమిచ్చే పరీక్ష. ఒకసారికి ఒకటే మార్చాలి: ముందు కేబుల్, తరువాత మదర్‌బోర్డులోని పోర్టు, ఆ తరువాత పవర్ కనెక్టర్. మూడూ ఒకేసారి మారిస్తే డిస్క్ పనిచేసినా దేనివల్ల పనిచేసిందో తెలియదు.

పవర్ సంగతి చెవితోనూ చేతితోనూ తేలుతుంది. డెస్క్‌టాప్‌లో వాడే 3.5 అంగుళాల డిస్క్‌లో మోటారుకు 12 వోల్టులు, సర్క్యూట్‌కు 5 వోల్టులు కావాలి. 2.5 అంగుళాల డిస్క్‌కు సాధారణంగా 5 వోల్టులు చాలు. కంప్యూటర్ ఆన్ చేసి డిస్క్ అంచుపై వేలు ఆనిస్తే తిరుగుతున్న డిస్క్‌లో సన్నని కంపనం తెలుస్తుంది. తిరుగుతున్న డిస్క్‌ను కదిలించకండి, ఎత్తి చూడకండి. కంపనమే లేకపోతే విద్యుత్ అందడం లేదని గానీ, అందినా డిస్క్ లేవడం లేదని గానీ అర్థం. చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమేదీ లేదు కనుక ఈ పరీక్ష దానికి వర్తించదు.

కొత్తగా, పెద్దగా ఉన్న కొన్ని 3.5 అంగుళాల డిస్కులు, ముఖ్యంగా సర్వర్ల కోసం తయారైనవీ ఎక్స్‌టర్నల్ డబ్బాల నుంచి తీసినవీ, పాత ఎస్‌ఎంపీఎస్‌కు (కంప్యూటర్‌కు విద్యుత్ అందించే పెట్టెకు) తగిలిస్తే అసలు తిరగవు. దీనికి కారణం 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణంలోని ‘పవర్ డిసేబుల్’ సదుపాయం. పవర్ కనెక్టర్‌లోని మూడవ పిన్నుకు 3.3 వోల్టులు అందితే డిస్క్ దాన్ని ‘ఆగి ఉండు’ అన్న ఆజ్ఞగా తీసుకుంటుంది. పాత ఎస్‌ఎంపీఎస్‌లు అదే పిన్నుకు 3.3 వోల్టులు ఎల్లప్పుడూ పంపుతుంటాయి కనుక డిస్క్ ఎప్పటికీ లేవదు. నాలుగు పిన్నుల మోలెక్స్ అనే పాత రకం పవర్ కనెక్టర్ నుంచి సాటాకు మార్చే అడాప్టర్ వాడితే అందులో 3.3 వోల్టుల తీగే ఉండదు, సమస్య తీరిపోతుంది. అయితే ఆ అడాప్టర్ ఎంపికలో శ్రద్ధ అవసరం. తీగలను ప్లాస్టిక్‌లో పోతపోసి మూసేసిన చవక రకాలు లోపల షార్ట్ అయి కాలిపోయే ప్రమాదం ఉంది. ఒక్కో తీగా విడివిడిగా లోహపు పిన్నుకు బిగించి కనిపించే రకమే తీసుకోండి.

ఇక్కడ మరో హెచ్చరిక, దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. కేబుళ్లు ఊడదీయగలిగే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ ఉంటే, దానితో వచ్చిన కేబుళ్లనే వాడండి. వేరే మోడల్ కేబుల్ సాకెట్‌లో చక్కగా దూరుతుంది గానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుసకు ఉమ్మడి ప్రమాణం లేదు. 5 వోల్టులు రావలసిన చోట 12 వోల్టులు వస్తే డిస్క్‌లోని సర్క్యూట్ క్షణంలో కాలిపోతుంది. ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య కూడా ఈ తేడా ఉండవచ్చు.

డిస్క్ తిరుగుతోంది, కేబుల్ బాగుంది, అయినా బయోస్‌లో లేదంటే మదర్‌బోర్డు మాన్యువల్ తెరవండి. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్ (సన్నని పట్టీ లాంటి ఎస్‌ఎస్‌డీని నేరుగా పెట్టే చోటు), కొన్ని సాటా పోర్టులు ఒకే దారిని పంచుకుంటాయి. ఎం.2 స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెట్టగానే ఆ సాటా పోర్టులు ఆగిపోతాయి. ఒక కంప్యూటర్‌లో ఇదే సమస్యతో కేబుళ్లన్నీ మార్చి చూసిన తరువాత, మాన్యువల్‌లోని చిన్న పట్టికలో ఐదు, ఆరు పోర్టుల పక్కన ఆ గమనిక నాకు దొరికింది. కేబుల్‌ను ఒకటవ పోర్టుకు మార్చగానే డిస్క్ వచ్చింది. అప్పటినుంచి కేబుల్ ముట్టుకునే ముందే ఆ పట్టిక చూడటం అలవాటు చేసుకున్నాను. మీరూ అలాగే చేయమని నా సలహా.

సర్వర్లలో వాడిన డిస్క్ కొన్నట్లయితే దాని కనెక్టర్‌ను పరీక్షగా చూడండి. సాటా డిస్క్‌లో డేటా, పవర్ భాగాల మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ పూడి, రెండూ కలిసిపోయి ఉంటే అది ఎస్‌ఏఎస్ డిస్క్. మామూలు మదర్‌బోర్డులోని సాటా పోర్టుతో అది పనిచేయదు, దానికి ప్రత్యేక కంట్రోలర్ కార్డు కావాలి.

ఎం.2 ఎస్‌ఎస్‌డీ బిగించినవారికి

ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే, అది డేటా పంపే పద్ధతి పేరు కాదు. ఒకే రకంగా కనిపించే రెండు ఎస్‌ఎస్‌డీలలో ఒకటి సాటా పద్ధతిలో, మరొకటి ఎన్‌వీఎంఈ పద్ధతిలో పనిచేయవచ్చు. మదర్‌బోర్డులోని స్లాట్ ఒక పద్ధతినే అర్థం చేసుకోవచ్చు, రెండింటినీ అర్థం చేసుకోవచ్చు. రెండు గాట్లున్న ఎస్‌ఎస్‌డీలు చాలావరకు సాటా రకం, ఒకే గాటున్నవి చాలావరకు ఎన్‌వీఎంఈ రకం. అయినా గాట్లను బట్టి తుది నిర్ణయం చేయకుండా ఎస్‌ఎస్‌డీపై అంటించిన కాగితాన్ని, మదర్‌బోర్డు మాన్యువల్‌ను పోల్చి చూడండి. స్లాట్‌లో సరిగ్గా దూరినంత మాత్రాన పనిచేయాలని లేదు. రకం సరిపోకపోతే ఏ సెట్టింగూ దాన్ని కనిపించేలా చేయలేదు, స్లాట్ మార్చాలి లేదా ఎస్‌ఎస్‌డీ మార్చాలి.

బిగించడంలోనూ పొరపాటు జరుగుతుంది. ఎస్‌ఎస్‌డీని ఏటవాలుగా స్లాట్‌లోకి పూర్తిగా నెట్టి, బంగారు రంగు పిన్నులు దాదాపుగా కనిపించనంత లోపలికి వెళ్లిన తరువాతే కిందికి వంచి మర బిగించాలి. 2280 అని రాసి ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. మర కింద నిలిపే చిన్న కడ్డీ ఆ పొడవుకు సరిపోయే చోట ఉండాలి.

కొన్ని స్లాట్లు మదర్‌బోర్డులోని చిప్‌సెట్ అనే చిప్‌కు కాక నేరుగా ప్రాసెసర్‌కు కలిసి ఉంటాయి, అవి పనిచేయడం ప్రాసెసర్ తరాన్ని బట్టి ఉంటుంది. ఇంటెల్ 500 శ్రేణి చిప్‌సెట్ బోర్డుల్లో అటువంటి ఎం.2 స్లాట్ 11వ తరం ప్రాసెసర్‌తోనే పనిచేస్తుంది, అదే బోర్డులో 10వ తరం ప్రాసెసర్ పెడితే ఆ స్లాట్ నిద్రపోతుంది. పాత విండోస్ 7కు ఎన్‌వీఎంఈ డ్రైవర్ స్వతహాగా లేదు, విండోస్ 8.1 నుంచి ఉంది.

నాలుగవ అడుగు: బయోస్‌లో ఉండి విండోస్‌లో లేనప్పుడు

ముందుగా ‘షట్‌డౌన్’ కాకుండా ‘రీస్టార్ట్’ చేయండి. విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా వ్యవస్థ పాత స్థితిని కొంత దాచుకొని మళ్లీ లేస్తుంది, రీస్టార్ట్ చేస్తేనే మొదటినుంచి మొదలవుతుంది. తరువాత డివైస్ మేనేజర్ తెరిచి ‘యాక్షన్’ మెనూలో ‘స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ చేంజెస్’ నొక్కండి. ‘డిస్క్ డ్రైవ్స్’ కింద డిస్క్ పేరు ఉందేమో, ‘స్టోరేజ్ కంట్రోలర్స్’ కింద పసుపుపచ్చ గుర్తు ఏదైనా ఉందేమో చూడండి. గుర్తు ఉంటే మదర్‌బోర్డు తయారీదారు వెబ్‌సైట్ నుంచి చిప్‌సెట్, స్టోరేజ్ డ్రైవర్లు తెచ్చుకొని ఎక్కించండి.

గతంలో ‘స్టోరేజ్ స్పేసెస్’లో (పలు డిస్కులను కలిపి వాడే విండోస్ సదుపాయంలో) చేర్చిన డిస్క్ అయితే అది డిస్క్ మేనేజ్‌మెంట్‌లో విడిగా కనిపించదు, కంట్రోల్ ప్యానెల్‌లోని ‘స్టోరేజ్ స్పేసెస్’ పేజీలోనే కనిపిస్తుంది. చాలామందికి ఈ సంగతి తట్టదు.

కొత్త డిస్క్‌పై విండోస్ ఎక్కించబోతే, డిస్క్ ఎంచుకోమనే తెరలో ఏమీ లేకుండా ఖాళీగా ఉండటం మరో తరహా చిక్కు. ఇంటెల్ 11వ తరం, తరువాతి ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లలో ఇది ఎక్కువ. వాటి బయోస్‌లో వీఎండీ అనే స్టోరేజ్ కంట్రోలర్ అమరిక ఆన్‌లో ఉంటే ఎన్‌వీఎంఈ డిస్క్ ఆ కంట్రోలర్ వెనుక ఉండిపోతుంది, దానికి డ్రైవర్ లేకపోతే ఇన్‌స్టాలేషన్ తెర డిస్క్‌ను చూడలేదు. ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి తెచ్చి, విడదీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొని, ఆ తెరలోని ‘లోడ్ డ్రైవర్’ ద్వారా చూపితే డిస్క్ వస్తుంది. బయోస్‌లో వీఎండీని ఆపివేసినా వస్తుంది గానీ, అప్పటికే విండోస్ ఉన్న కంప్యూటర్‌లో ఆ మార్పు చేయకండి. వీఎండీని గానీ, సాటా పోర్టులు పనిచేసే పద్ధతిని రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి గానీ అకస్మాత్తుగా మారిస్తే పాత విండోస్ ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటూ నీలి తెరతో ఆగిపోవచ్చు. అలా జరిగితే బయోస్‌లో పాత అమరికను తిరిగి పెట్టండి, విండోస్ మళ్లీ లేస్తుంది.

విండోస్ కాని వ్యవస్థల్లోనూ దారి ఇదే. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) ఆదేశం ఇస్తే ఫార్మాట్ కాని డిస్కులతో సహా అన్నీ కనిపిస్తాయి. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ తెరిచి ‘వ్యూ’ మెనూలో ‘షో ఆల్ డివైసెస్’ ఎంచుకోకపోతే ఖాళీ డిస్క్ కనిపించదు.

యూఎస్‌బీ ద్వారా తగిలించే డిస్క్ అయితే ముందు హబ్ తీసేసి కంప్యూటర్ పోర్టుకే నేరుగా తగిలించండి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీయాంపియర్లు, యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీయాంపియర్లు అందించేలా ప్రమాణాలున్నాయి, తిరిగే డిస్క్ లేచేటప్పుడు అంతకన్నా ఎక్కువ అడగవచ్చు. డెస్క్‌టాప్‌లో వెనుకవైపు పోర్టు వాడటం మేలు.

ఐదవ అడుగు: డిస్క్‌నే అనుమానించవలసి వస్తే

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే డిస్క్‌ను మరో కంప్యూటర్‌లో బిగించి గానీ, సొంత పవర్ అడాప్టర్ ఉన్న సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే పరికరంతో గానీ చూడండి. అక్కడ కనిపిస్తే లోపం మీ కంప్యూటర్‌లో ఉంది, బయోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడం ఈ దశలో ఆలోచించదగినది. అక్కడా కనిపించకపోతే డిస్క్ పాడైనదే. లయబద్ధంగా ‘టక్ టక్’ మని కొట్టుకుంటూ, తిరగడం ఆగి మళ్లీ మొదలవుతున్న డిస్క్‌ను మాత్రం ఇన్ని పరీక్షలకు గురిచేయకుండా వెంటనే ఆపేయండి. అందులో డేటా ఉంటే ప్రతి అదనపు ప్రయత్నమూ ఉన్న అవకాశాన్ని తగ్గిస్తుంది.

వెనక్కి పంపేటప్పుడు డిస్క్‌పై ఉన్న మోడల్ సంఖ్య, సీరియల్ సంఖ్య రాసుకొని, మీరు మార్చి చూసిన కేబుల్, పోర్టు, రెండవ కంప్యూటర్ వివరాలు తెలియజేయండి. అవే పరీక్షలు మళ్లీ చేయమని మిమ్మల్ని అడిగే అవసరం తగ్గుతుంది. పగలగొట్టిన సీలు గానీ, విప్పిన మర గానీ కనిపిస్తే వారంటీ చెల్లకపోవచ్చు కనుక డిస్క్ మూతను ఎట్టి పరిస్థితిలోనూ తెరవకండి.

డిస్క్ కనిపించిందంటే ముఖ్యమైన ఫైళ్లు వెంటనే అందులోకి తరలించకుండా ఒక రాత్రి ఆగండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో వంటి ఉచిత సాధనంతో ‘స్మార్ట్’ సమాచారం, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే వివరాలు, చూడండి. అందులో ‘రీఅలొకేటెడ్ సెక్టార్స్’ (పాడై పక్కన పెట్టినవి), ‘పెండింగ్ సెక్టార్స్’ (పాడయ్యాయని అనుమానం ఉన్నవి) రెండింటి అసలు విలువ కొత్త డిస్క్‌లో సున్నాగా ఉండాలి. తిరిగే డిస్క్ అయితే ‘క్విక్ ఫార్మాట్’ గుర్తు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. డిస్క్ అంతటా రాసి చూసే ఆ పనికి పెద్ద డిస్కులలో చాలా గంటలు పడుతుంది. అది ముగిశాక స్మార్ట్ విలువలు మరోసారి చూసి, అవి మారలేదని తేలిన తరువాతే ఫైళ్లు కాపీ చేయండి. కాపీ అయిన ఫైళ్లు తెరుచుకుంటున్నాయని నిర్ధారించుకునే వరకు పాత డిస్క్‌లో ఏదీ తొలగించకండి.